పోయిన కాన్పులో వాంతులతో ఆసుపత్రి పాలయ్యారా? ఈసారి నెల తప్పకముందే చేసుకోవాల్సినవి

మొదటి కాన్పులో సెలైన్ ఎక్కించేదాకా వాంతులైన మనిషికి రెండోసారీ అలాగే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. "ఈసారి మగబిడ్డేమో, వాంతులుండవులే" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ధైర్యాన్ని నమ్ముకుని కూర్చోకండి. మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్ మెదడులో వికారం పుట్టించే చోటును రేపుతుందనీ, గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకు బాధ ఎక్కువనీ 2023లో వచ్చిన పరిశోధన చూపింది. కోడలు పని తప్పించుకోవడానికి పడుకుందనే అత్తగార్లకు ఈ ముక్క వినిపించండి.

ఈ వాంతులు నాలుగు, ఆరు వారాల మధ్య మొదలై, తొమ్మిది పది వారాలకు ముదిరి, ఎక్కువమందికి ఐదో నెలకల్లా సర్దుకుంటుంది. మార్చిలో నెల తప్పితే ఆ గడ్డు రోజులు సరిగ్గా ఏప్రిల్, మే ఎండల్లో పడతాయి. కర్నూలు, అనంతపురంలో ఆ నెలల్లో చెమటకే ఒంట్లో నీళ్లు అయిపోతాయి. వీలున్నవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవచ్చు.

బిడ్డ కోసం అనుకున్నప్పుడే డాక్టరును కలిసి, పోయినసారి చీటీలు చూపించండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు అప్పటినుంచే. మీ బరువు ఒకచోట రాసిపెట్టండి. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే ఐదు శాతం పోయినట్టు, అది మామూలు వేవిళ్లు కాదు. డాక్సిలమైన్ 10, పిరిడాక్సిన్ 10 మిల్లీగ్రాములు కలిసిన మాత్రను వాంతులు ముదిరాక కాకుండా, గర్భం తెలిసిన రోజు నుంచే మొదలుపెట్టవచ్చా అని అడగండి. ముందుగా వేసుకుంటే తీవ్రత తగ్గుతుందని తేలింది. సాధారణంగా రాత్రి రెండుతో మొదలుపెడతారు, చాలకపోతే పగలు పెంచుతారు. నిద్ర మత్తు ఉంటుంది. అది చాలనప్పుడు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తారు. మొదటి మూడు నెలల్లో వాడితే పెదవి, అంగిలి చీలిక 10,000 మందిలో అదనంగా సుమారు ముగ్గురికి కనిపించింది. భయపడి మానేయాల్సినంత కాదు, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది. దానితో మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది.

ఐరన్ మాత్ర వికారాన్ని పెంచుతుంది. ప్రభుత్వ లెక్కలోనూ అది నాలుగో నెల నుంచే, కాబట్టి తొందరపడొద్దు.

తిండి విషయంలో చాదస్తాలు వద్దు. తిరగవాత వాసన పడదు, వంట ఇంకొకరు చూసుకోవాలి. లేవకముందే పడక పక్కన పెట్టుకున్న బొరుగులు గుప్పెడు నమిలి, పావుగంట ఆగి లేవండి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి, గ్లాసుతో గటగటా తాగకుండా ఐదు నిమిషాలకు రెండు చెంచాలు. చల్లని పలుచటి మజ్జిగ చాలామందికి నిలుస్తుంది. వాంతయిన వెంటనే పళ్లు తోమితే ఎనామిల్ అరుగుతుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

అసలు ప్రమాదం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఎక్కించే గ్లూకోజ్ సీసాతో. గ్లూకోజ్‌ను ఒళ్లు వాడుకోవాలంటే థయమిన్ కావాలి, అదే బీ1 విటమిన్. దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటినప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు: వస్తువులు రెండుగా కనిపిస్తాయి, నడిస్తే తూలుతారు, మాట తికమకపడుతుంది. ముందు థయమిన్ ఇంజెక్షన్, ఉప్పు సెలైన్, రక్తపరీక్ష చూసి పొటాషియం, ఇదీ వరస. గ్లూకోజ్ సీసా తగిలిస్తుంటే "థయమిన్ ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఒకరోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోతే, ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే, లేస్తే కళ్లు తిరిగితే, వాంతిలో రక్తం పడితే, జ్వరమో కడుపునొప్పో ఉంటే 108కి ఫోన్ చేయండి. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజనాసుపత్రి, కడప రిమ్స్‌లలో దగ్గరున్నదానికి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా వెళ్లాలి. నీళ్లు తగ్గి, మంచానికే పరిమితమైతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. స్కానింగ్ తప్పనిసరి. కవలలున్నా, ముత్యాల గర్భమైనా (బిడ్డ సరిగా ఎదగక మాయ నీటి బుడగల గుత్తిలా పెరగడం) వాంతులు ఇలాగే విపరీతంగా ఉంటాయి.

మూడు నెలలు నిండేదాకా వాంతులే లేకుండా తర్వాత కొత్తగా మొదలైతే దాన్ని వేవిళ్ల ఖాతాలో వేయొద్దు. కామెర్లో, మూత్రంలో ఇన్ఫెక్షనో, అపెండిక్సో అయి ఉండవచ్చు. ఐదో నెల దాటాక తలనొప్పితో వాంతులు వస్తే అదే రోజు బీపీ చూపించాలి.