టెక్నికల్ రౌండ్ ప్రాజెక్టు దగ్గరే పోతోందా?

సమస్య: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో జావా ప్రశ్నలకు జవాబులు చెప్పారు, ఎస్‌క్యూఎల్ క్వెరీ రాశారు. ప్రాజెక్టు గురించి అడిగిన పది నిమిషాలకు ఇంటర్వ్యూ ముగిసింది. ఆ తర్వాత మెయిల్ లేదు.

ముందు రెజ్యూమే ప్రింట్ తీయండి. రాసుకున్న ప్రతి స్కిల్ పక్కన దాని మీద రాగల మూడు ప్రశ్నలు రాయండి. జవాబు రాని స్కిల్ కొట్టేయండి. గంట పని ఇది. దీన్ని వదిలేసి అమీర్‌పేటలో ఇంకో కోర్సుకు ఫీజు కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అసలు కారణం: కొన్న ప్రాజెక్టయితే సరే, తీసేసి చిన్నదైనా సొంతంగా కట్టండి. కానీ కష్టపడి సొంతంగా చేసినవాళ్లూ ఇక్కడే దొరికిపోతారు. ఏం చేశారో చెప్పగలరు, అలా ఎందుకు చేశారో చెప్పలేరు. బస్ టికెట్ బుకింగ్ ప్రాజెక్టే తీసుకోండి. ఎంజీబీఎస్ నుంచి విజయవాడ బస్సులో ఒకే సీటును ఇద్దరు ఒకేసారి నొక్కితే? "ఖాళీ ఉందో లేదో చూసి ఇన్సర్ట్ చేస్తాం" (టేబుల్లో కొత్త వరుస చేరుస్తాం) అంటారు. చూడటానికీ ఇన్సర్ట్‌కీ మధ్య సందులో ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరికీ టికెట్ వెళ్తుంది. సర్వీసు, తేదీ, సీటు నంబరు కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకూడదన్న నియమం) పెడితే రెండో ఇన్సర్ట్‌ను డేటాబేసే తిప్పికొడుతుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని వేరే సీటు చూసుకోమని చెప్పాలి. వెంటనే వచ్చే ప్రశ్న: మరి రద్దయిన టికెట్ వరుస అదే టేబుల్లో ఉండిపోతే, ఆ సీటు మళ్లీ ఎలా అమ్ముతారు? దీనికీ సిద్ధంగా ఉండండి.

మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుల్లో ఉరి "98 శాతం యాక్యురసీ" అన్న మాటే. మోసాలు పట్టే ప్రాజెక్టులో వంద లావాదేవీల్లో 98 సక్రమమైనవే అయితే, అన్నీ సక్రమమే అనే మోడల్‌కూ 98 వస్తుంది, మోసం ఒక్కటీ దొరకదు. రీకాల్ (అసలు మోసాల్లో ఎన్ని పట్టింది), ప్రిసిషన్ (మోసమని చెప్పినవాటిలో ఎన్ని నిజం) ఎంతో తెలుసుకుని వెళ్లండి.

పరిష్కారం: కోడ్‌ను స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసి నడపండి. మర్చిపోయినవన్నీ అక్కడే బయటపడతాయి. తర్వాత ప్రతి నిర్ణయానికీ ఇంకో దారి ఏముండేదో, దాన్ని ఎందుకు వద్దనుకున్నారో ఒక్కో వాక్యం రాయండి. రెండు నిమిషాల్లో ప్రాజెక్టు చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "మేం చేశాం" అన్న ప్రతిచోటా మీ వంతు ఏదో తేల్చండి. స్నేహితురాలు రాసిన భాగం ఆమెదేనని చెబితే నష్టమేమీ లేదు.

అసలు కాల్సే రాకపోతే: పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. ఖాళీగానో, రెండు కాలమ్‌లు కలగాపులగంగానో వస్తే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ అలాగే కనిపించవచ్చు. ఒకే కాలమ్‌లో మళ్లీ చేయండి.

ఇంటర్వ్యూకు ఆలస్యమవుతుంటే: హైదరాబాద్ మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెళ్లాలంటే అక్కణ్నుంచి ముప్పావుగంట, గేటు దగ్గర పాస్‌కు ఇంకో పావుగంట ఉంచుకోండి. ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకోండి.

సిఫార్సులు, లోపాయికారీ ఎంపికలు మీ చేతిలో లేవు, వాటి గురించి ఆలోచించకండి. డిపాజిట్ కట్టమంటే మాత్రం అక్కడే లేచి వచ్చేయండి.