పీహెచ్‌డీ ఆగిపోయిందా? ముందు ఫైలు తెరవండి

మూడో ఏడు దాటాక నా దగ్గరికి వచ్చే స్కాలర్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "సార్, ముందుకు కదలడం లేదు." వినే ముందు నేను మూడు కాగితాలు అడుగుతాను. అడ్మిషన్ ఆర్డరు, చివరిసారి జరిగిన ఆర్ఏసీ (స్కాలర్ పురోగతిని చూసే పరిశోధన సలహా కమిటీ) మినిట్స్, కమిటీ ఆమోదించిన టైటిల్ ఉన్న కాగితం. చాలామంది ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. కొందరైతే టైటిల్ కూడా "దాదాపు ఇలా ఉంటుంది సార్" అంటారు. దాదాపు కాదు, అచ్చంగా ఎలా ఉందో కావాలి. ఈ మూడూ బల్ల మీద పెట్టి పావుగంట చదివితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని ఎవరూ చేయరు, అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

సినాప్సిస్ (థీసిస్ ఇచ్చే ముందు కమిటీకి చూపే సారాంశం), కోర్స్‌వర్క్ (మొదట్లో పాసవ్వాల్సిన తరగతులు) ఎందుకు అన్న సంగతులు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

"ఇంకా టైముందనుకున్నాను, నోటీసు వచ్చింది"

కారణం: లెక్క తప్పు చోట మొదలుపెట్టారు. కోర్స్‌వర్క్ పాసైన రోజు నుంచో, టాపిక్ ఖాయమైన రోజు నుంచో లెక్కేసుకుంటారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గడియారం తిరగడం మొదలయ్యేది అడ్మిషన్ తేదీనే. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు కింద మొత్తం కోర్సులో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. 2022 నవంబరు కంటే ముందు చేరినవాళ్లకు అప్పటి నిబంధనలే వర్తిస్తాయి, కాబట్టి జూనియర్ చెప్పిన లెక్క మీకు పనికిరాదు.

డబ్బు లెక్క ఇంకోటి. జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 2 ఏళ్లు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 3 ఏళ్లు, మొత్తం 5. డిగ్రీకి గడువు 6. ఆ ఆరో ఏడు మీ జేబులోంచే నడుస్తుంది. హాస్టల్, ఇంటి అద్దె, టైపింగ్, బైండింగ్ ఖర్చులన్నీ సరిగ్గా అప్పుడే పడతాయి. నెట్ పరీక్ష ఫెలోషిప్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో నెలకు వచ్చే 8,000 రూపాయల మీద బతికేవాళ్లకు ఈ విషయం నేను చెప్పక్కర్లేదు.

పరిష్కారం: అడ్మిషన్ ఆర్డరు మీద తేదీ చూసి, చివరి తేదీని గోడ మీద రాసుకోండి. అంతే.

"గైడు అన్నీ బాగున్నాయన్నారు, సినాప్సిస్ దగ్గర ఆపేశారు"

ఇక్కడ కాస్త ఆగుతాను, నన్ను దెబ్బతీసింది ఇదే.

2013లో నేను రిజిస్టరైన టైటిల్ "నల్లగొండ జిల్లాలో చేనేత సహకార సంఘాల పనితీరు". పోచంపల్లి, పుట్టపాక వైపు ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లేవాణ్ని. మొదటి నెలలోనే ఒక ఇంట్లో ఆసు పోస్తున్న ఆమెను "నూలు ఎవరిస్తారమ్మా?" అని అడిగాను. ఆమె చెయ్యి ఆపకుండానే తలతో వీధి చివరి ఇల్లు చూపించింది. ఆమె భర్త లోపలి నుంచి సంఘం కార్డు తెచ్చి చూపించి, "కార్డుంది సార్, పనైతే ఆయన దగ్గర్నే" అన్నాడు. ఆయనంటే మాస్టర్ వీవర్. నూలు, డిజైను, అడ్వాన్సు ఆయనే ఇస్తాడు. చీర ఆయనే తీసుకుంటాడు. ఇంకో పది ఇళ్లు తిరిగినా ఇదే కథ. సంఘం రికార్డుల్లో సభ్యులుగా ఉన్నవాళ్లు మగ్గం దగ్గర ఆయన మనుషులు.

తిరిగొచ్చి క్యాంటీన్లో టీ తాగుతూ మా సార్‌కు చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "అదేనయ్యా అసలు సంగతి. అదే కానివ్వు" అన్నారు. కానిచ్చాను. రెండేళ్లు మాస్టర్ వీవర్ల అప్పుల మీదే పనిచేశాను. ఎవరెంత అడ్వాన్సు ఇచ్చారు, ఏ పెళ్లికి తీసుకున్నారు, కూలీలోంచి ఎలా కోస్తారు, అన్నీ నోటుపుస్తకాల్లో నింపాను. కమిటీ ముందు కూర్చున్న ప్రతిసారీ కాగితం మీద రెండే మాటలు: "పురోగతి సంతృప్తికరం."

సార్ రిటైరయ్యారు. కొత్త గైడు వచ్చారు, మంచాయనే. సినాప్సిస్ రోజు కమిటీలో ఒకాయన టైటిల్ పేజీని, అధ్యాయాల పట్టికను పక్కపక్కన పెట్టుకుని, "సహకార సంఘాలెక్కడ?" అని అడిగారు. రెండో అధ్యాయంలో పన్నెండు పేజీలున్నాయి. మిగతాదంతా అప్పులు. సార్ ఒప్పుకున్నారని చెప్పాను. "ఎక్కడ రాశారు?" అన్నారు. టీ కప్పు మీద మినిట్స్ ఎవరు రాస్తారు?

అది చాలదన్నట్టు ఇంకొకాయన, "ఈ పోచంపల్లి ఇప్పుడు నల్లగొండ జిల్లాలో లేదు కదా" అన్నారు. నిజమే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో అది యాదాద్రి భువనగిరికి పోయింది. టైటిల్ మార్పుకు దరఖాస్తు, కమిటీ కూర్చునే దాకా ఎదురుచూపు, టైటిల్ మారాక ఆరు నెలలు ఆగాకే థీసిస్ ఇవ్వాలన్న అప్పటి మా నియమం, అన్నీ కలిపి పదకొండు నెలలు పోయాయి. థీసిస్‌లో ఒక్క వాక్యం కూడా తప్పని ఎవరూ అనలేదు.

ఈ జబ్బు బయటికి కనిపించదు. గైడు సంతోషంగా ఉంటారు, మీరు చురుగ్గా తిరుగుతుంటారు, ఫారాల మీద సంతకాలు పడుతుంటాయి. ఇందులో మోసం చేసినవాళ్లెవరూ లేరు. ఫీల్డ్‌లోకి వెళ్లాక టాపిక్ పక్కకు జరగడం మామూలే, జరగకపోతేనే అనుమానించాలి. జరిగిన సంగతి కాగితం మీదికి ఎక్కదు, అక్కడే ఇరుక్కుంటారు.

మీకిది ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు పనులు చేయండి. వేరే డిపార్ట్‌మెంట్ స్నేహితుడికి టైటిల్ మాత్రమే చెప్పి, ఇందులో ఏ అధ్యాయాలుంటాయో ఊహించమనండి. అతను చెప్పినవాటికీ మీరు రాస్తున్నవాటికీ పొంతన లేకపోతే పట్టుకున్నట్టే. రెండోది, మీ చివరి మినిట్స్‌లో మీ పేరు తీసేసి పక్క స్కాలర్ పేరు పెట్టి చదవండి. తేడా రాకపోతే ఆ మినిట్స్ మీవి కావు. మూడోది, గైడుకు ఇచ్చిన చివరి పది పేజీలు బయటికి తీయండి. ఎక్కడా పెన్ను గీత లేదంటే "బాగుంది" అన్నమాటను లెక్కలోకి తీసుకోకండి.

పరిష్కారం చాలా చిన్నది. గైడుతో మాట్లాడిన రోజు సాయంత్రమే ఐదు లైన్ల మెయిల్ పెట్టండి: "ఈరోజు మీరు చెప్పింది నాకిలా అర్థమైంది, ఇకపై ఇలా చేస్తాను." సార్ నొచ్చుకుంటారేమోనని భయపడతారు. నాకు ఇప్పుడు అలాంటి మెయిళ్లు వస్తుంటే ప్రాణం హాయిగా ఉంటుంది, మూడు వారాల క్రితం నేనేమన్నానో నాకే గుర్తుండదు. జవాబు రాకపోయినా మెయిల్ ఉంటుంది. సెమిస్టర్‌కోసారి ఆర్ఏసీ ముందు కూర్చున్నప్పుడు, జరిగిన మార్పును ఒక వాక్యంగా మీరే టైపు చేసి తీసుకెళ్లండి. చాలాచోట్ల కమిటీ సంతకం పెట్టేది స్కాలర్ టైపు చేసి తెచ్చిన కాగితం మీదే, ఇందులో దాపరికం ఏమీ లేదు. టైటిల్‌లో రెండు పదాలు మారినా ఆఫీసులో ముందుగా అడగండి.

టైటిల్‌లో జిల్లా పేరుంటే "ఉమ్మడి" అన్న మాటో, అధ్యయన కాలమో చేర్చండి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. "తూర్పు గోదావరి జిల్లా" అంటే ఏ తూర్పు గోదావరో పరీక్షకుడు అడుగుతాడు.

గైడు రిటైర్మెంట్ తేదీ కూడా తెలుసుకోండి, అడగడంలో తప్పు లేదు. మూడేళ్ల లోపు సర్వీసున్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఇప్పటికే ఉన్నవాళ్లకు రిటైరయ్యాక కో-సూపర్‌వైజర్‌గా 70 ఏళ్ల వయసు వరకు ఉండవచ్చు. ఆ ఏర్పాటు ఆయన కుర్చీలో ఉండగానే కాగితం మీద జరగాలి.

"కూర్చుంటే రాయడం రావడం లేదు"

మొదటి అధ్యాయం మొదట రాస్తున్నారు, అందుకు. సాహిత్య సమీక్షతో మొదలుపెట్టినవాడు బావిలో పడ్డట్టే, చదివేకొద్దీ ఇంకా లోతు కనిపిస్తుంది. మీ దగ్గరున్న పట్టికల్లో బాగా తెలిసినది ఒకటి ముందు పెట్టుకుని, దాని కింద రెండు పేజీలు రాయండి. ఆ అధ్యాయం పూర్తయ్యాక వెనక్కి రండి.

"సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) 34 శాతం వచ్చింది"

2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం వరకు పర్వాలేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వమంటారు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉటంకింపులు, గ్రంథసూచి లెక్కలోకి రావు. కాబట్టి ముందు అవి మినహాయించి రిపోర్టు తీశారో లేదో లైబ్రరీలో అడగండి. చాలాసార్లు అక్కడే సగం దిగుతుంది. మీ సొంత పేపరే దొరికితే గైడు నుంచి లేఖ తీసుకోవాలి.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు వేరే తలనొప్పి. అను ఫాంట్లలో టైపు చేయించిన ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే, పైన తొడిగింది తెలుగు చొక్కా. సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగుగా చదవలేదు, యూనికోడ్ అడుగుతారు. కన్వర్టర్‌లో పెడితే వత్తులు చెదిరిపోతాయి. 300 పేజీలు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. మొదటి రోజే యూనికోడ్‌లో టైపు చేసుకుంటే ఈ గొడవే లేదు.

"జర్నల్లో పేపరు వేయకపోతే థీసిస్ తీసుకోమంటున్నారు"

2022 నిబంధనలు దేశవ్యాప్తంగా ఆ షరతు తీసేశాయి, కానీ మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండవచ్చు. మీ ఆర్డినెన్స్ (యూనివర్సిటీ సొంత పీహెచ్‌డీ నియమాలు) చదవండి. డబ్బు కడితే మూడు రోజుల్లో అచ్చేస్తామన్న మెయిల్ వస్తే డిలీట్ చేయండి.

"ఇదే టాపిక్ వేరేవాళ్లు చేసేశారు", "డేటా ఎవరో కాజేశారు" లాంటివి అరుదు. మొదటిదానికి శోధ్‌గంగలో (థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు) ఆ థీసిస్ తెరిచి ఊళ్లు, ఏళ్లు, ప్రశ్న చూడండి, నూటికి నూరుపాళ్లు ఒకటే అయిన కేసు నేనింతవరకు చూడలేదు. రెండోదానికి పెన్‌డ్రైవ్ ఒక్కటే నమ్ముకోకండి.

"థీసిస్ ఇచ్చి ఏడాదైంది, కబురు లేదు"

ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లో మూల్యాంకనం పూర్తి కావాలని నిబంధన. సాధారణంగా ఇద్దరు బయటి పరీక్షకుల్లో ఒకరి దగ్గర ఆగి ఉంటుంది, లేదా అసలు పంపి ఉండరు. గైడును పదేపదే అడిగితే లాభం లేదు, ఆయన చేతిలో లేదు. సబ్మిషన్ రసీదు జిరాక్సు పట్టుకుని ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లి, "ఏ తేదీన డిస్పాచ్ అయింది?" అని ఆ ఒక్కటే అడగండి. రిజిస్టరు తెరుస్తారు. నంబరు రాసుకుని రండి, నెల తర్వాత మళ్లీ వెళ్లండి. లంచ్‌కు ముందే వెళ్లండి, తర్వాతైతే ఆ రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందో తెలియడానికే సాయంత్రమవుతుంది.