తొలి సింఫనీలు వినడం ఎలా? కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవుల కోసం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విందామనుకున్న మనవాళ్లు చాలామంది నేరుగా బీథోవెన్ దగ్గరికి వెళ్తారు, పది నిమిషాలయ్యేసరికి ఏది ఎటు పోతోందో తెలియక ఆపేస్తారు. ఓ డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. సింఫనీ అంటే చాలా వాద్యాలు కలిసిన ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన సంగీతం. 1730ల నుంచి 1770ల దాకా వచ్చిన సింఫనీలు చిన్నవి, వాద్యాలూ తక్కువే, లోపల జరిగేది చెవికి తేటగా తెలుస్తుంది.

ముందు ఒక్క సంగతి పట్టుకోవాలి. మన కచేరీలో తంబురా మొదలైందంటే షడ్జమం చివరిదాకా కదలదు, ఇక్కడేమో అసలు కథంతా షడ్జమం కదలడంలోనే ఉంది. మేజర్‌లో (మన శంకరాభరణం స్వరాలు అనుకోండి) ఉన్న సింఫనీ మొదటి మూవ్‌మెంట్‌లో, అంటే మొదటి భాగంలో, ముందు ఒక షడ్జమాన్ని గట్టిగా నిలబెడతారు, కాసేపటికి దాని పంచమమే కొత్త షడ్జమం అయి కూర్చుంటుంది, మధ్యలో అటూ ఇటూ తిరిగి చివరికి పాత చోటికే వస్తారు. అంతకుముందు తరం సంగీతంలో కింది స్వరం ఆగకుండా నడుస్తూ ఉండేది, హార్ప్‌సికార్డ్ అనే తీగల కీబోర్డ్ వాద్యం దాని మీద స్వరాలు నింపుతూ పోయేది. కొత్తవాళ్లు కింది స్వరాన్ని ఒకేచోట చాలాసేపు నిలిపారు, అందుకే అది కదిలినప్పుడు మనకి తెలుస్తుంది. ఫోన్ స్పీకర్లో ఈ కింది స్వరమే వినపడదు కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

మొదట మిలాన్‌కి చెందిన సమ్మార్తీని అనే సంగీతకర్త సింఫనీ ఏదైనా ఒకటి వినండి. ఇటలీ ఒపెరాల ముందు వాయించే సంగీతంలోలాగే వేగం, నిదానం, మళ్లీ వేగం, మూడు భాగాలంతే. ఇది చెవి అలవాటు కోసం, ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

తర్వాత జర్మనీలోని మన్‌హైమ్. అక్కడి పాలకుడు కార్ల్ థియోడోర్ ఆస్థానంలో బొహీమియా నుంచి వచ్చిన యోహాన్ స్టామిట్జ్ తయారుచేసిన ఆర్కెస్ట్రాని చూసి చార్లెస్ బర్నీ అనే ఇంగ్లిష్ సంగీత చరిత్రకారుడు ‘ఇది సేనాపతులతో నిండిన సైన్యం’ అన్నాడు. స్టామిట్జ్ డి మేజర్ సింఫనీ, ఓపస్ 3లో (ఓపస్ అంటే రచనలకి ఇచ్చే వరుస సంఖ్య) రెండోది పెట్టండి. మొదట్లో గట్టిగా పడే దెబ్బలు అయ్యాక వయొలిన్లు మెల్లగా మొదలై పెరుగుతూ పోతాయి, అంతసేపూ కింద మాత్రం పెద్దగా కదలిక ఉండదు. ఇప్పుడు తంబురా యాప్‌ని రెండు శ్రుతికి (వాళ్ల డి అదే) పెట్టి మళ్లీ వినండి. పాతకాలపు వాద్యాలతో చేసిన రికార్డింగ్ అయితే శ్రుతి కాస్త కిందకి ఉంటుంది, యాప్‌ని దానికి తగ్గట్టు దించుకోవాలి. మొదట్లో రెండూ హాయిగా కలుస్తాయి, కొంతసేపయ్యాక తంబురా అడ్డంపడుతున్నట్టు అనిపిస్తుంది. షడ్జమం మారింది అక్కడే! ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. నాలుగు మూవ్‌మెంట్ల పద్ధతి కూడా ఈయన సింఫనీల్లో స్థిరపడుతూ కనిపిస్తుంది, మూడోది మినుయెట్ అనే నాట్యం.

మోట్సార్ట్ తొలి సింఫనీ, కె.16 (ఆయన రచనల జాబితాలో దాని సంఖ్య), తప్పకుండా వినాలి. 1764లో లండన్‌లో రాశాడు, వయసు ఎనిమిదేళ్లు. అప్పుడు అక్కడే ఉన్న సంగీతకర్త యోహాన్ క్రిస్టియన్ బాఖ్ ప్రభావం అందులో బాగా ఉంది. అందరూ కలిసి గట్టిగా ఒక వాక్యం, వెంటనే మెత్తగా, పొడుగ్గా దానికి జవాబు, ఇలా ఎదురెదురుగా పెట్టడమే ఆ కాలపు కొత్త రుచి. నిదానంగా సాగే రెండో మూవ్‌మెంట్‌లో హార్న్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం నాలుగే స్వరాలు పలుకుతుంది, వాటిని మన లెక్కలో స రి మ గ అనుకోవచ్చు. 1788లో రాసిన జూపిటర్ సింఫనీ చివరి మూవ్‌మెంట్ మొదలయ్యేది కూడా ఈ నాలుగింటితోనే.

ఈ క్రిస్టియన్ బాఖ్‌కి అన్నయ్య అయిన కార్ల్ ఫిలిప్ ఇమ్మాన్యుయెల్ బాఖ్‌ది వేరే దారి. 1773లో హాంబర్గ్‌లో తంత్రీవాద్యాలకి రాసిన ఆరు సింఫనీల్లో మాట మధ్యలో తెగినట్టు సంగీతం చటుక్కున ఆగుతుంది, ఇంకెటో తిరుగుతుంది. నాకు వీళ్లందరిలో ఈయనంటేనే ఎక్కువ ఇష్టం, కానీ ముందే వింటే టెన్షన్ పెడతాడు, ఇంటి షడ్జమం పట్టుకోవడం వచ్చాకే వినండి.

హైడన్‌ని చివరికి ఉంచుకోండి. 1761లో ఎస్టర్‌హాజీ అనే హంగేరీ ప్రభువుల కొలువులో చేరగానే రాసిన ఆరో సింఫనీ పేరు ‘ఉదయం’, అదీ డి మేజరే. నిదానంగా తెల్లవారుతుంది, తర్వాత ఫ్లూట్ అసలు పాటని ఎత్తుకుంటుంది. దాన్ని కూనిరాగం తీయగలిగేదాకా రెండు మూడుసార్లు వినండి. మధ్యభాగం తిరుగుళ్లన్నీ అయ్యాక ఇంటికి చేరబోతుండగా, ఫ్లూట్ కంటే ముందే హార్న్ ఆ పాట అందుకుంటుంది. ఎవరూ చెప్పకుండా అది మీకు తెలిసిందంటే 1772 నాటి ఓపస్ 20 క్వార్టెట్లకి వెళ్లిపోవచ్చు. అక్కడ నలుగురే ఉంటారు, కింది స్వరం వాయించే చెల్లో వెంట నడిస్తే షడ్జమం ఎటు పోతోందో దొరికిపోతుంది.