స్మోకీ క్వార్ట్జ్‌కు ఆ పొగరంగు ఎలా వచ్చిందో వేడిచేసి చూడటం ఎలా?

స్మోకీ క్వార్ట్జ్ అంటే పొగరంగులో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం. దాన్ని పొడి చేసి ఎంత వెతికినా అందులో గోధుమరంగు పదార్థమేదీ దొరకదు. ఒక ఎలక్ట్రాన్ తన చోటు ఖాళీ చేసి వెళ్లిపోవడమే ఆ రంగుకు కారణం. చిన్న ముక్కను వేడి చేస్తే ఈ సంగతి కళ్లారా చూడొచ్చు.

ముందుగా పగుళ్లు, బుడగలు లేని చవక ముక్క ఒకటి తీసుకుని రెండుగా కోయించండి. నగలో పొదిగిన రాయి మాత్రం వద్దు. పోల్చి చూసుకోవడానికి ఒక సగాన్ని పక్కన పెట్టండి. రెండో దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, మంచి వెలుతురులో చూడండి. కొన్ని రాళ్లలో ముదురు, లేత పట్టీలు కనిపిస్తాయి. స్ఫటికం పెరిగేటప్పుడు అల్యూమినియం అన్నిచోట్లా ఒకేలా చేరకపోతే ఇలా జరుగుతుంది.

అసలు కథంతా ఆ అల్యూమినియంతోనే. క్వార్ట్జ్ అంటే సిలికాన్, ఆక్సిజన్. అక్కడక్కడ సిలికాన్ చోట అల్యూమినియం వచ్చి కూర్చుంటుంది. సిలికాన్‌కు నాలుగు ధనావేశాలుంటే దీనికి మూడే. ఆ లోటు తీర్చడానికి పక్కనే లిథియం, సోడియం లేదా హైడ్రోజన్ అయాన్ (ధనావేశమున్న పరమాణువు) చేరుతుంది. అప్పటికి రాయికి ఇంకా రంగు లేదు. చుట్టూ ఉన్న గ్రానైట్‌లోని యురేనియం, థోరియం, పొటాషియం-40 నుంచి వచ్చే కిరణాలు లక్షల ఏళ్లు తగిలి, అల్యూమినియం పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. తోడున్న అయాన్ కూడా పక్కకు జరిగిపోతుంది. మిగిలిన ఆ ఖాళీయే కాంతిని పీల్చుకుంటుంది. ఖాళీలు పెరిగేకొద్దీ రంగు ముదిరి, మోరియన్ అనే దాదాపు నల్లటి రకం దాకా వెళ్తుంది. స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండల గ్రానైట్ ఈ రాళ్లకు పేరుమోసింది.

ఇక వేడి చేయడం. గ్యాస్ మంట మీద నేరుగా పెట్టొద్దు. ఉష్ణోగ్రత అదుపు ఉన్న చిన్న ఫర్నేస్ కావాలి. మూత ఉన్న పింగాణీ పాత్రలో బాగా ఆరిన ఇసుక పోసి, ముక్కను అందులో పూడ్చండి. గంటకు 50 డిగ్రీలకు మించకుండా పెంచుతూ 400 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లి, గంటసేపు ఉంచండి. తర్వాత స్విచ్ ఆపేసి, తలుపు తీయకుండా పూర్తిగా చల్లారనివ్వండి. రాయిలో చిక్కుకున్న నీటి బిందువుల వల్ల ముక్క పగలొచ్చు, కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ అమరికే మారిపోతుంది, అంత దూరం పోవద్దు.

ఇప్పుడు రెండు సగాలనూ పక్కపక్కన పెట్టండి. చాలా రాళ్లు నీళ్లలా తేటపడతాయి, కొన్ని పసుపు దగ్గర ఆగుతాయి. వేడికి ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చి ఖాళీని నింపింది. అల్యూమినియం మాత్రం కదల్లేదు. అందుకే అదే ముక్కకు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామా కిరణాలు పట్టిస్తే మళ్లీ నల్లబడుతుంది. అది లైసెన్స్ ఉన్న కేంద్రాల్లోనే చేసే పని. ఆ కిరణాలు తగిలినా రాయి రేడియోధార్మికం కాదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

వేడికి రంగు పోయిందా లేదా అన్నదాన్ని బట్టి సహజమో కాదో చెప్పేస్తామంటే మాత్రం నమ్మకండి. భూమిలో ఏర్పడినా, గామా గదిలో ఏర్పడినా ఖాళీ ఒకటే. అమెరికాలోని ఆర్కన్సాలో దొరికే రంగులేని స్ఫటికాలను ఇలా నల్లబరిచి అమ్మడం మామూలే. తెల్లటి అడుగు మీద కటిక నల్లటి కొసలున్న స్ఫటికాల గుత్తి కనిపిస్తే, కిరణాలు పట్టించారా అని అమ్మేవాళ్లను సూటిగా అడగండి.