థిన్ క్లయింట్ ల్యాబ్‌లో సర్వర్ పనులను ఎలా విడదీయాలి?

హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల వంటి చోట బ్యాచ్ మారగానే ల్యాబ్‌లోని థిన్ క్లయింట్లన్నీ (సొంత డిస్క్ నుంచి కాక నెట్‌వర్క్ ద్వారా సర్వర్ నుంచి బూట్ అయ్యే యంత్రాలు) ఒకేసారి ఆన్ అవుతాయి. ఐపీ చిరునామా ఇవ్వడం, బూట్ ఫైలు పంపడం, ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్‌ను (మొత్తం సిస్టమ్ ప్రతిని) అందించడం, విద్యార్థుల హోమ్ ఫోల్డర్లను దాచడం అనే నాలుగు పనులూ ఒకే సర్వర్ మీద ఉంటే, ఆ వేళ భారం ఎక్కువగా ఇమేజ్ దగ్గరే పడుతుంది. గిగాబిట్ లింక్ సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు మోయగలదు. దాన్ని 40 యంత్రాలు పంచుకుంటే ఒక్కోదానికి సెకనుకు దక్కేది సుమారు 3 మెగాబైట్లు మాత్రమే. అందువల్ల ముందుగా విడదీయవలసింది ఇమేజ్‌నే.

కొత్త సర్వర్‌కు స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించి, ఇమేజ్‌ను దానిలోకి కాపీ చేసి, నెట్‌వర్క్‌లో ఫోల్డర్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా చదవడానికి మాత్రమే అనుమతిస్తూ ఎక్స్‌పోర్ట్ చేయండి (అంటే క్లయింట్లకు అందుబాటులో ఉంచండి). బూట్ మెనూలో కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని) ఎలా నడపాలో చెప్పే లైనులో పాత చిరునామా తీసి కొత్తది రాసి, ఒక్క క్లయింట్‌నే బూట్ చేయండి. కొత్త సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టు దగ్గర ఆ క్లయింట్ కనెక్షన్ కనిపించాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

తర్వాత ఐపీ చిరునామాలిచ్చే డీహెచ్‌సీపీని, బూట్ ఫైలు పంపే టీఎఫ్‌టీపీని వేరు చేయండి. ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే. బూట్ సర్వర్ ఎక్కడుందో డీహెచ్‌సీపీ స్పష్టంగా చెప్పకపోతే, చిరునామా ఇచ్చిన యంత్రాన్నే బూట్ సర్వర్‌గా భావించి క్లయింట్ దాన్నే ఫైలు అడుగుతుంది. కాసేపటికి తెర మీద పీఎక్స్ఈ-ఈ32 అనే టైమవుట్ సందేశం వస్తుంది. కాబట్టి డీహెచ్‌సీపీ సెట్టింగుల్లోని నెక్స్ట్ సర్వర్ గడిలో టీఎఫ్‌టీపీ సర్వర్ చిరునామాను, 67వ ఆప్షన్‌లో బూట్ ఫైలు పేరును తప్పక నింపాలి. పాత తరహా బయోస్‌తో మొదలయ్యే యంత్రాలకు, కొత్త తరహా యూఈఎఫ్ఐతో మొదలయ్యే యంత్రాలకు బూట్ ఫైళ్లు వేరని మరవకండి. చిరునామాలిచ్చేది రూటరై, దాని సెట్టింగులు మార్చే అధికారం మీకు లేకపోతే దాని పక్కన మరో డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టవద్దు. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ పనులు చేసే డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌ను ప్రాక్సీ పద్ధతిలో నడిపితే చిరునామాలను రూటరే ఇస్తుంది, బూట్ వివరాలను మాత్రం మీ సర్వర్ చెబుతుంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 ఒక్కటే తెరిస్తే చాలకపోవచ్చు, ఎందుకంటే టీఎఫ్‌టీపీ మొదటి అభ్యర్థనను ఆ పోర్టులో తీసుకున్నా, ఫైలును వేరే పోర్టు నుంచి పంపుతుంది. పైగా అది మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందినట్టు జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. అందుకే దాని ద్వారా ఐపీఎక్స్ఈ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్ ఫైలును మాత్రమే పంపి, కెర్నల్‌ను వెబ్ పేజీలను పంపే హెచ్‌టీటీపీ ద్వారా ఇవ్వడం మేలు.

హోమ్ ఫోల్డర్లను చివరికి ఉంచండి. సాధారణ అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ యూజర్‌ను పేరుతో కాక నంబరుతో గుర్తిస్తుంది. ఒక విద్యార్థి ఖాతా పాత సర్వర్‌లో 1001గా, కొత్తదానిలో 1005గా ఉంటే తన ఫైలును తానే సేవ్ చేసుకోలేడు. ఫోల్డర్లను తరలించే ముందే రెండు సర్వర్లలోని నంబర్లను పక్కపక్కన పెట్టి సరిచూడండి.