కోర్టు కాగితం చదువుదాం – 3వ పాఠం: ఓ.ఎస్. నంబరా, సి.సి. నంబరా?

పోయిన పాఠంలో సమన్ల మీద వాయిదా తేదీ, కోర్టు పేరు ఎక్కడుంటాయో చూశాం. ఇంట్లో బీరువాలో పడి ఉన్న పాత కోర్టు కాగితం ఒకటి తీసి, వాటి కింద పెన్సిలుతో గీత గీయమన్నాను. ఆ కాగితాన్నే మళ్ళీ ముందు పెట్టుకోండి. ఇవాళ కోర్టు పేరు కింద ఉండే నంబరు చూద్దాం.

ఓ.ఎస్. అని ఉంటే అది సివిల్ దావా. సి.సి. అయితే మేజిస్ట్రేటు ముందున్న క్రిమినల్ కేసు. ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, హత్యలాంటి పెద్ద నేరాలవి. ఇ.పి. అంటే సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీని, అంటే తీర్పు ప్రకారం వచ్చిన ఆదేశాన్ని, అమలు చేయించమని వేసిన పిటిషన్. దావా నడుస్తుండగా మధ్యలో వేసే చిన్న అర్జీలకు ఐ.ఏ. నంబరు పడుతుంది. ఈ ఐదూ నోటికి వచ్చేదాకా రాయండి. వకీలుతో మాట్లాడేటప్పుడు సగం కంగారు ఇక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. వెంకయ్య, సోమయ్య పక్కపక్క చేల రైతులు అనుకుందాం. ఒక రాత్రి సోమయ్య హద్దురాళ్ళు పీకి, గట్టు చెరిపేసి, వెంకయ్య చేలో ఐదు సెంట్లు (తెలంగాణ లెక్కలో రెండు గుంటలు) తన దాంట్లో కలిపి దున్నేశాడు. తెల్లారి ఇదేంటని అడగబోతే వెంకయ్య చెయ్యి మెలిపెట్టి విరిచాడు. వెంకయ్య కట్టు కట్టించుకుని పోలీస్ స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ విన్న మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు: "ఇది సివిల్ మేటరు, కోర్టుకెళ్ళు."

ఆ జవాబు సగం సరైనదే. ఐదు సెంట్లు ఎవరివో తేల్చే అధికారం పోలీసులకు లేదు. అది సివిల్ కోర్టు పని. విరిగిన చెయ్యి మాత్రం సివిల్ మేటరు కాదు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం అంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 117వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పడగల నేరమది. ఒకే గొడవలో రెండు కేసులున్నాయి. భూమి మాట, చెయ్యి మాట కలిపి ఒకే కాగితం మీద చెప్పుకోవడం వల్లే మనవాళ్ళు ఎక్కువగా నష్టపోతున్నారని నా నమ్మకం. అందుకే ముందు విడదీయడం నేర్చుకోవాలి.

భూమి కేసులో వెంకయ్య వాది, సోమయ్య ప్రతివాది. కోర్టు ఫీజు కట్టి దావా వేయాలి. అడిగేది భూమి తిరిగి ఇప్పించమని, ఇకమీదట ఆ గట్టు దాటకుండా ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, ఇవ్వమని. ఇక్కడ ఎవరికీ జైలు పడదు. భూమి లాక్కుని ఆరు నెలలు దాటకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద యాజమాన్య హక్కు రుజువు చేయనక్కర్లేకుండానే స్వాధీనం తిరిగి అడగొచ్చు. ఇది తెలియక ఊరి పెద్దల చుట్టూ తిరుగుతూ ఆ ఆరు నెలలూ పోగొట్టుకుంటారు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళండి, తప్పు లేదు. తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి.

చెయ్యి కేసులో వెంకయ్య వాది కాదు. పోలీసులు కోర్టులో వేసే చార్జిషీటు మీద ఒకవైపు 'స్టేట్', అంటే ప్రభుత్వం, అని ఉంటుంది, ఇంకోవైపు నిందితుడిగా సోమయ్య పేరు. వెంకయ్య పేరు సాక్షుల జాబితాలో, మామూలుగా పి.డబ్ల్యు.1గా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షిగా కనిపిస్తుంది. "కేసు పెట్టింది నేనైతే నన్ను సాక్షి అంటారేంటి?" అని మనసు చివుక్కుమంటుంది. నేరం జరిగితే అది మొత్తం సమాజానికి జరిగిన అన్యాయమని చట్టం భావిస్తుంది కాబట్టి ప్రభుత్వమే ప్రాసిక్యూటరును పెట్టి నడుపుతుంది. మీకు ఫీజు ఉండదు. మీ అంతట మీరు వాపసు తీసుకునే వీలూ ఉండదు. కొన్ని నేరాల్లోనే రాజీ కుదురుతుంది, వాటిలో కొన్నింటికి కోర్టు అనుమతి కూడా కావాలి.

రుజువు విషయంలో తేడా ఇంకా పెద్దది. సివిల్ కోర్టు ఇద్దరి సాక్ష్యాలూ తూచి, ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో వాళ్ళ వైపు తీర్పిస్తుంది. త్రాసు కొంచెం ఒరిగినా చాలు. ఒక మనిషిని జైలుకు పంపాలంటే మాత్రం అంత చాలదు. సహేతుకమైన అనుమానం ఏ కొంచెం మిగిలినా నిందితుణ్ణి వదిలేయాలి. కాబట్టి సోమయ్య మీద క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన భూమి దావా ఓడిపోయినట్టు కాదు. ఇంకో తేడా: సోమయ్య చనిపోతే క్రిమినల్ కేసు అక్కడితో ఆగిపోతుంది. భూమి దావా అతని వారసుల మీద నడుస్తుంది.

ఇక కోర్టు మెట్లు. పట్టణంలో కోర్టు గేటు దగ్గర బోర్డు చదవండి. చాలాచోట్ల 'జూనియర్ సివిల్ జడ్జి కం జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్' అని ఉంటుంది. ఒకే జడ్జి గారు, ఒకే కుర్చీ, రెండు అధికారాలు. పెద్దవాళ్ళు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనేది దీన్నే. వెంకయ్య చెయ్యి కేసు ఈ మేజిస్ట్రేటు ముందుకే వస్తుంది. భూమి దావా, దాని విలువను బట్టి, ఇదే హాల్లోనో పైనున్న సీనియర్ సివిల్ జడ్జి దగ్గరో పడుతుంది.

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ళ వరకు, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఏడేళ్ళ వరకు జైలుశిక్ష వేయగలరు. జిల్లాలో అన్నిటికన్నా పైన ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ అండ్ సెషన్స్ జడ్జి. సివిల్ పనిలో ఆయన జిల్లా జడ్జి, క్రిమినల్ పనిలో సెషన్స్ జడ్జి. సెషన్స్ జడ్జి మరణశిక్ష వేసినా హైకోర్టు ఖరారు చేసేదాకా అది అమలు కాదు. 2019 జనవరి 1 నుంచి మనకు రెండు హైకోర్టులు, తెలంగాణకు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో. ఆపైన ఢిల్లీలో సుప్రీంకోర్టు. తహసీల్దారు, ఆర్డీఓ ఈ మెట్లలో లేరు. వాళ్ళది రెవెన్యూ దారి, దానికి వేరే పాఠం ఉంది.

ఈ విభజనకు లొంగని కేసు ఒకటుంది, చెల్లని చెక్కు. అప్పు వసూలు సివిల్ సంగతే అయినా, అప్పు తీర్చడానికి ఇచ్చిన చెక్కు డబ్బుల్లేక తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అవతలి మనిషికి అందిన తర్వాత 15 రోజులు ఆగాలి, అప్పటికీ కట్టకపోతే ఆ 15 రోజులు దాటిన నెల లోపు మేజిస్ట్రేటు దగ్గర నేరుగా ఫిర్యాదు వేయాలి. ఈ కేసు కాగితం మీద 'స్టేట్' ఉండదు, ఫిర్యాదిగా మీ పేరే ఉంటుంది.

వకీలుకు ఇచ్చుకోలేని వాళ్ళు 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ నంబరది. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

అభ్యాసం: కింది మూడింటినీ పుస్తకంలో రాసుకుని, ఏది సివిలో, ఏది క్రిమినలో, ఏది రెండూనో తేల్చండి. కాగితం మీద ఏ నంబరు పడుతుందో కూడా రాయండి.

అద్దెకున్నాయన మూడు నెలల అద్దె ఇవ్వకుండా, ఇల్లూ ఖాళీ చేయట్లేదు.

అన్న చెల్లెలి సంతకం ఫోర్జరీ చేసి ఉమ్మడి స్థలం అమ్మేశాడు.

ప్రోనోటు మీద అప్పు తీసుకున్న మనిషి రెండున్నరేళ్ళుగా "రేపిస్తా" అంటున్నాడు.

మూడోదానికి జవాబు రాసేటప్పుడు ప్రోనోటు మీద తేదీ ముఖ్యం. తిరిగివ్వడానికి గడువేమీ రాయని ప్రోనోటైతే, రాసిన రోజు నుంచి మూడేళ్ళలోపే దావా వేయాలి. కాలపరిమితి ఎలా లెక్కపెట్టాలో నాలుగో పాఠంలో ఆ ప్రోనోటుతోనే మొదలుపెడదాం.