“చచ్చిపోవాలనిపిస్తోంది” అని విశ్వాసి చెప్పినప్పుడు: సంఘపెద్దలు, కుటుంబాలు చేయవలసినవి

మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రామ సంఘాలలో, ఒక విశ్వాసి తన మనసులోని అతి బరువైన మాటను డాక్టరు కంటే ముందు పాస్టర్ అయ్యగారి దగ్గరో, స్త్రీల కూటం నడిపే అమ్మ దగ్గరో బయటపెడతాడు. అదీ నేరుగా బయటపెట్టడు. ఆదివారం ఆరాధన ముగిసి, పిల్లలు జంపఖానాలు మడతపెడుతుండగా, అందరూ వెళ్లేదాకా తలుపు పక్కన నిలబడి, “అయ్యగారూ, ఆత్మహత్య చేసుకున్నోళ్లు నరకానికే పోతరా?” అని ఎవరి గురించో అడిగినట్టు అడుగుతాడు. మనలో ఎక్కువమంది చేసే పొరపాటు ఆ ప్రశ్నకు అక్కడికక్కడే సిద్ధాంతం చెప్పడం. “అవును, నరకమే” అంటే అతను మరోసారి నోరు తెరవడు. “దేవుడు క్షమిస్తాడు” అంటే, ఆ రాత్రి అతను ఉన్న స్థితిలో అది అనుమతిలా వినిపించవచ్చు. ఇదే ప్రశ్నను బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు వేరు. కాబట్టి అడుగుతున్నది ఎవరు, ఎందుకు అన్నది తెలుసుకున్న తరువాతే పాపం గురించీ క్షమాపణ గురించీ మాట్లాడాలి.

అందుకు ఎదురు ప్రశ్న వేయాలి. “ఈ మాట ఎందుకడుగుతున్నవ్ తమ్మీ? నీకే అట్లనిపిస్తున్నదా?” అని మెల్లగా, కూర్చోబెట్టి అడగాలి. అతను తల దించుకుంటే ఇంకొక్క అడుగు ముందుకు వేసి, “ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తున్నదా? ఇయ్యాల కూడా వచ్చిందా?” అని మాట నమలకుండా అడగాలి. ఇలా అడిగితే లేని ఆలోచనను మనమే తలలో పెట్టినట్టవుతుందేమోనని పెద్దలు జంకుతారు, కానీ సూటిగా అడగడం వల్ల ఆలోచన పుట్టదని మానసిక వైద్యులు స్పష్టంగా చెబుతారు. పైగా ఒంటరిగా మోస్తున్న మాటను ఒకరితో పంచుకోవడమే చాలామందికి ఆ పూటకు కాస్త ఊపిరి తీసుకునే వీలిస్తుంది. అడిగిన తరువాత మీరు మౌనంగా ఉండగలగాలి. వాక్యం చెప్పడం అలవాటైన మనకు ఇది కష్టమైన పని.

అతను ఎలా, ఎప్పుడు అని కూడా అనుకుని ఉన్నట్టు తెలిస్తే ఇక అది ప్రార్థన అయ్యాక ఇంటికి పంపే విషయం కాదు. అతన్ని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో అతను నమ్మే ఒకరిని పిలిపించాలి. పత్తికి కొట్టే మందు డబ్బాలు, మిగిలిన మాత్రలు వంటి ప్రమాదకరమైనవి ఇంట్లో లేకుండా బంధువుల ఇంటికో, తాళం ఉన్న మరో చోటికో తరలించమని కుటుంబానికి చెప్పాలి. ప్రాణానికి ముప్పు దగ్గర్లో ఉంటే 108కి ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుతో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఫోన్ నుంచే కలిపి, అతను మాట్లాడుతున్నంతసేపు పక్కనే కూర్చోండి.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లడానికి జంకే కుటుంబాలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరే రుజువు లేనంతవరకు, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప విచారించి శిక్షించకూడదు. అలాంటి వ్యక్తికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యతను ఆ సెక్షనే ప్రభుత్వం మీద పెట్టింది. మరో అడ్డంకి ‘ఎర్రగడ్డ’ అనే మాట. మానసిక వైద్యం అనగానే హైదరాబాదులోని ఆ ఆసుపత్రి పేరు ఎత్తి ఎగతాళి చేయడం మనకు తరాల అలవాటు కాబట్టి, ముందుగా మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో దగ్గరగా ఉన్నదానికి తీసుకువెళ్లమని చెబితే కుటుంబం తేలికగా ఒప్పుకుంటుంది. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని అనేవారికి నేను ఒక్కటే చెబుతాను: షుగరు మాత్ర వేసుకోకుండా వాక్యం చెప్పడానికి నిలబడే ముసలి అయ్యగారిని నేనింతవరకు చూడలేదు.

ఇక ఆ ఆలోచన రావడమే పాపమా అన్నది. పరిశుద్ధ గ్రంథం దీన్ని దాచిపెట్టలేదు. మోషే ప్రజల భారం మోయలేక తనను చంపివేయమని దేవుణ్ణి అడిగాడు (సంఖ్యాకాండము 11:15). యోబు, యిర్మీయా తాము పుట్టిన దినాన్ని శపించారు. యోనా బ్రతకడం కంటే చావే మేలన్నాడు. ఆసియలో కలిగిన శ్రమ వల్ల బ్రదుకుదుమన్న నమ్మకమే లేకపోయిందని పౌలు కొరింథీయులకు రాశాడు. వీళ్లలో ఎవరినీ ఆ మాట అన్నందుకు దేవుడు తోసివేయలేదు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని ప్రార్థించినప్పుడు (1 రాజులు 19) ఏం జరిగిందో సంఘపెద్దలు వరుస తప్పకుండా చదవాలి. ముందు నిద్ర. తరువాత దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం, ప్రయాణం నీ శక్తికి మించినదన్న ఒప్పుకోలు. “ఇచ్చట నీవేమి చేయుచున్నావు” అన్న ప్రశ్న నలభై దినాల తరువాత హోరేబు కొండ దగ్గర గాని రాలేదు. మనం మాత్రం మనిషి కూర్చోకముందే ఆ ప్రశ్నతో మొదలుపెడతాం.

ఈ వరుస పట్టించుకోకపోవడం వల్లనే రెండు అపకారాలు జరుగుతున్నాయి. ఒకటి, నిద్ర, తిండి అప్పటికే తప్పిపోయిన మనిషికి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టడం. ఇంకొకటి, దురాత్మ పట్టిందని అందరి ముందు నిలబెట్టి గద్దించడం; దాంతో ఆ మనిషికి మిగిలేది, తన లోపల ఉన్నది నొప్పి కాదు సాతానే అన్న భయం. ప్రార్థన వద్దని నేననడం లేదు. చేతులు వేసి, చిన్నగా, అతని పేరు పెట్టి ప్రార్థించండి. తరువాత అన్నం పెట్టండి.

అపరాధ భావం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే విశ్వాసుల విషయంలో ముడి సాధారణంగా అక్కడే ఉంటుంది. “నేను పాపిని అయ్యగారూ, నన్ను దేవుడు ఇడిచిపెట్టిండు” అని అతను అన్నప్పుడు, “ఏ పాపం బిడ్డా?” అని అడిగి చూడండి. కొందరు పేరు పెట్టి చెబుతారు: ఇంట్లో తెలియకుండా వడ్డీకి తెచ్చిన అప్పు, మానలేని తాగుడు, బొంబాయి వలసలో ఉన్నప్పుడు జరిగిన తప్పు. దానికి మార్గముంది, ఒప్పుకోలు, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9లోని వాగ్దానం, ఆ తరువాత అప్పు విషయం ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చుని తేల్చుకోవడం. కతోలిక విశ్వాసి అయితే విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం. కానీ కొందరు పేరు చెప్పలేరు, లేదా పదిసార్లు ఒప్పుకుని విడిచిపెట్టిన పాత తప్పునే పదకొండోసారి తవ్వుతుంటారు, లేదా క్షమించరాని పాపం చేశామని మత్తయి 12వ అధ్యాయం చూపి వణికిపోతారు. ఆ అధ్యాయంలో యేసు హెచ్చరించింది దేవుని ఆత్మ చేసిన పనిని కళ్లారా చూసి కూడా సాతానుకు అంటగట్టినవారిని. క్షమాపణ దొరకదేమోనని ఏడుస్తున్నవారిని కాదు. ఎంత ఒప్పుకున్నా దిగని ఈ బరువు చాలాసార్లు కుంగుబాటు అనే జబ్బు లక్షణం, దానికి మళ్లీ మళ్లీ ఒప్పుకోలు చేయించడం కంటే డాక్టరును చూపించడం అవసరం.

అటువంటి బరువు ఎంత కాలమైనా ఉండవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు కీర్తనకారుడు విలియం కౌపర్ విశ్వాసి అయి ఉండి, దేవుడు తనను తిరస్కరించాడన్న భ్రమతో 1773 నుంచి బాధపడ్డాడు. అతని పాస్టరు జాన్ న్యూటన్ వాదించి గెలవడానికి చూడక, తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకుని చూసుకున్నాడు. కౌపర్ 1800లో, తన అరవై తొమ్మిదో ఏట మరణించాడు.

యేసును అప్పగించి, ఆ తరువాత ప్రాణం తీసుకున్న యూదా గురించి మన ప్రసంగాల్లో ఎంతో చెబుతాం గాని, మత్తయి 27వ అధ్యాయంలోని ఒక వాక్యం దగ్గర ఎవరూ ఆగరు. అతను పశ్చాత్తాపపడి, వెండి నాణెములు పట్టుకుని యాజకుల దగ్గరికే వెళ్లి, పాపము చేసితినని ఒప్పుకున్నాడు. వాళ్లు, “దానితో మాకేమి? నీవే చూచుకొనుము” అన్నారు. అంతకుముందు రాత్రే ప్రభువును ఎరుగనన్న పేతురు మిగిలిన శిష్యుల మధ్యనే ఉండిపోయాడు, తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టిన ప్రభువుకే ఎదురయ్యాడు. ఈ రెండింటి మధ్య సంఘం చేయగలిగిన పని చాలా ఉంది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తన ప్రాణం తీసుకోబోయి కత్తి దూసిన క్షణంలో పౌలు అరిచిన మాటలో (అపొస్తలుల కార్యములు 16:28) పాపం ప్రస్తావనే లేదు: ఏ హానీ చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం. రక్షణ గురించిన ప్రశ్న తరువాత, ఆ మనిషే అడిగాడు.

రహస్యం విషయంలో మన సంఘాలు బలహీనం. నాకు తెలిసిన ఒక సంఘంలో ఒక సహోదరి చెప్పుకున్న ఇలాంటి మాటను, మంచి ఉద్దేశంతోనే, బుధవారం కూటంలో ప్రార్థనాంశంగా మైకులో చదివారు. గుడి మీది హారన్ ఊరంతటికీ వినిపించింది. ఆమె మళ్లీ ఆ గుడి మెట్టెక్కలేదు. ప్రాణం కాపాడటానికి ఎవరికి చెప్పవలసి వస్తుందో వారికి మాత్రమే, అదీ అతనికి ముందే తెలియజేసి చెప్పాలి.

ప్రమాదం గడిచి, మనిషి కుదుటపడిన తరువాత, నరకానికే పోతారా అన్న మొదటి ప్రశ్న మళ్లీ వస్తుంది. అప్పుడు సిద్ధాంతం చెప్పవచ్చు. ప్రాణం దేవుడు ఇచ్చినది కాబట్టి దాన్ని తీసుకోవడం తప్పని సంఘం మొదటినుంచి చెబుతోంది; తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను దాన్ని “నరహత్య చేయకూడదు” అన్న ఆజ్ఞ కిందికే తెచ్చాడు, మధ్యయుగపు వేదపండితుడు థామస్ అక్వినాస్ అది తనకూ సమాజానికీ దేవునికీ విరోధమని మూడు కారణాలు చూపాడు. కానీ అది క్షమించరాని పాపమని బైబిలులో ఎక్కడా లేదు. తమ ప్రాణం తామే తీసుకున్న సౌలు, అహీతోపెలు వంటివారి మరణాలను గ్రంథం చెప్పి ఊరుకుంది, వారి నిత్యగతిని తీర్చలేదు. ఇటువంటివారు తప్పక నశిస్తారన్న మాటను తాను ఒప్పుకోనని, వారు అడవిలో దొంగ చేతిలో చిక్కి చనిపోయినవారి వంటివారని మార్టిన్ లూథర్ అన్నాడు. ఒకప్పుడు అంత్యక్రియలు నిరాకరించిన కతోలిక సంఘం 1983 నాటి తన సంఘ చట్టంలో (కానన్ లా) ఆ నిషేధాన్ని తీసివేసింది. ఆ సంఘపు అధికారిక బోధ గ్రంథమైన 1992 నాటి సత్యోపదేశం, తీవ్రమైన మానసిక వేదన బాధ్యతను తగ్గిస్తుందని, వారి రక్షణ విషయంలో నిరాశ పడకూడదని చెప్పింది. మన వైపు బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలలో చనిపోయినవారి కోసం ప్రార్థించే ఆచారం లేకపోయినా, తీర్పును దేవునికి విడిచిపెట్టడానికి ఏ సిద్ధాంతమూ అడ్డు రాదు.

సమాధి దగ్గర నరకం ప్రసంగం చేయకండి, స్మశానంలో మూలన చోటు చూపకండి. ఎలా చనిపోయారో వర్ణించకండి, అలాగని “ఇప్పుడు బాధలన్నీ తీరి హాయిగా ఉన్నాడు” అని కూడా అనకండి, ఎందుకంటే ఆ గుంపులో అదే ఆలోచనతో నిలబడ్డ యువకుడు ఒకడు ఉండవచ్చు. అన్నదమ్ములను, దగ్గరి స్నేహితులను ఆ నెలల్లో విడిగా పలకరించండి. జ్ఞాపకార్థ కూటం అయిపోయాక ఇంటికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోతారు కాబట్టి, ఆ తేదీని మీ డైరీలో మరుసటి ఏడాదికి కూడా రాసి పెట్టుకుని, ఆ రోజు పొద్దున వెళ్లి తల్లి దగ్గర కూర్చుని, పిల్లవాడి పేరు పెట్టి మాట్లాడండి; ఆమె ఎదుట ఆ పేరు పలికే మనుషులు అప్పటికి ఊళ్లో ఎక్కువమంది ఉండరు.